తొమే నమిలిన తాంబూలాలు

చాప పరిచే రోజు ఇంకా వారం ఉందనగా నేను మా ఆయనకి 'లేదు' అనడం నేర్పడం మొదలుపెట్టాను.

మా ఆయన పేరు తొమే. మంచివాడు. ఆ మంచితనంతోనే నా ప్రాణం తీస్తాడు. ఎవరేం అడిగినా కాదనలేడు. పెళ్ళికి ముందు మా ఊరు హాతుమేరాలో ఎవరి కాఫీ బస్తా మోయాలన్నా, ఎవరి పంది తప్పించుకున్నా, ఎవరికి గొయ్యి తవ్వాలన్నా తొమేకే కబురు వెళ్ళేది. తొంభై తొమ్మిదిలో మా దేశం విడిగా ఉండాలన్న ఓటు ఫలితం చెప్పిన అయిదో రోజున, అది గిట్టని కింది ఊరి మిలీషియా వాళ్ళు లారీలో వచ్చి, కిరసనాయిలు డబ్బా మోయడానికి ఒక మనిషి కావాలి, ఎవరొస్తారని అడిగారు. మగవాళ్ళందరూ నేల చూపులు చూశారు. ఈయన ఒక్కడే, అడిగినవాడి ముఖంలోకి చూశాడు. అంతే, డబ్బా చేతికి వచ్చింది.

ఆ డబ్బా మోసినందుకు నాలుగేళ్ళు సరిహద్దు అవతల అతంబువా శిబిరంలో టార్పాలిన్ కింద బతికాం. అక్కడి ఫాదర్ గారు మా ఇద్దరికీ పెళ్ళి చేశారు. మా పాప నతేర్సియా అక్కడే పుట్టింది. దానికి అయిదు నెలలు నిండగానే ఊరికి తిరిగొచ్చాం. ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. ఈ మూడు నెలలూ మా అమ్మ వంటపాకలో, పొగలో, ఒక మూల పడుకుంటున్నాం. పాప దగ్గితే నాకు నిద్ర పట్టదు, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదా అని నిద్ర పట్టదు.

ఊళ్ళో మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ తొమే చేతి తాంబూలం ఎవరూ అందుకోలేదు. వక్కా ఆకూ చాచిన చెయ్యి అలాగే ఉండగా పక్కనించి వెళ్ళిపోయేవారు. అలాంటి మనిషి ఈ ఊళ్ళో గుంజ పాతలేడు. జాగా ఎవరూ చూపించరు. గడ్డి కప్పడానికి ఎవరూ రారు. పెద్ద చాప పరిచి, దాని మీద తన తప్పు చెప్పుకుని, ఊరు సరేనంటేనే ఇల్లు. లేకపోతే మళ్ళీ టార్పాలినే.

రాజధాని దిలీ నుంచి, తప్పు చేసినవాళ్ళని మళ్ళీ ఊళ్ళతో కలిపే కమిషన్ తరఫున వచ్చే జుల్మీరా మేడం అప్పటికే రెండుసార్లు మా పాకకి వచ్చి తొమే చెప్పింది రాసుకుంది. వెళ్తూ వెళ్తూ నాతో ఒక మాట విడిగా చెప్పింది. ఇల్లు కాల్చడం, పశువుని తోలుకుపోవడం, దెబ్బలు కొట్టడం లాంటివి ఊరి చాప మీదే తేలిపోతాయట. ఒప్పుకుని, ఊరు చెప్పిన పని చేస్తే చాలట. నెత్తురు సంగతి వస్తే మాత్రం తన చేతుల్లో ఏమీ ఉండదట. కాగితం దిలీ కోర్టుకి పోతుంది, దాని వెనకే మనిషీ పోతాడు అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. తొమే చేసినవి రెండే పనులు. డబ్బా మోశాడు, ఎర్మెలింద అవ్వ ఇల్లు అంటించాడు. కానీ అడిగితే ఎన్ని చేశానంటాడో దేవుడికే తెలియాలి.

చాప మీద 'లేదు' అనడానికి ఒక పద్ధతుంది. ఎవరికి నీ మీద ఫిర్యాదు ఉందో వాళ్ళు ఒక తాంబూలం చుట్టి నీ ముందు పెడతారు. తీసి నమిలితే ఆ తప్పు నీదే. నీది కాకపోతే ఆకుని ముట్టుకోకుండా వదిలెయ్యకూడదు, అది పెట్టినవాళ్ళ తాతముత్తాతలకి అవమానం. రెండు వేళ్ళతో తాకి, నుదుటికి ఆనించి, వాళ్ళ వైపు జరపాలి. తాకు, ఆనించు, జరుపు. వారం రోజులు మామిడాకులు పెట్టి మా ఆయన చేత ఇదే చేయించాను.

"నా మేకని నువ్వే తోలుకుపోయావు కదూ?" అని అడిగేదాన్ని, ఊళ్ళోవాళ్ళలా గొంతు పెట్టి.

"ఏ రంగు మేక?" అనేవాడు తొమే.

"రంగుతో నీకేం పని? ఆకు జరుపు."

"తెల్లదైతే మాత్రం ఎక్కడో చూసినట్టే ఉంది, ఇసౌరా."

శనివారం నాటికి, పదిసార్లు అడిగితే నాలుగుసార్లు ఆకు వెనక్కి జరుపుతున్నాడు. మిగతా ఆరుసార్లూ మామిడాకు నమిలాడు.

ఆదివారం పూజ అయ్యాక, కాలిపోయిన బడి ముందు రేకుల పందిరి కింద చాప పరిచారు. కుల దేవతల ఇంట్లోంచి నలుగురు మోసుకొచ్చారు దాన్ని. ఒకసారి పరిచాక మాట తెగేదాకా ఎవరూ చుట్టకూడదు. మా అమ్మమ్మ కాలంలో ఒక గేదె తగువుకి తొమ్మిది రోజులు పరిచే ఉందట, మధ్యలో ఒక ముసలాయన దాని మీదే కన్ను మూశాడట. ఈ సంగతి తెలియక, జుల్మీరా మేడం వెంట వచ్చిన హెన్రిక్ అనే మంచు దేశపు ఆయన అందరికీ ఒక కాగితం పంచాడు. ఈయన యుద్ధాలు అయిపోయిన ఊళ్ళన్నీ తిరిగి, జనం ఎలా కలుస్తున్నారో చూసి రాసుకుంటాడట. ఆ కాగితంలో పదింటికి మొదలు, పన్నెండున్నరకి రాజీ, ఒంటిగంటకి భోజనం అని ఉంది. నేను పాప నోట్లోంచి లాగి మరీ చదివాను.

మాటల పెద్ద మావులేలు తాత. ఊరి తగువులకి మాట కట్టేది ఆయనే. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి తెలుసు. నేల సముద్రంలోంచి పైకి లేచిన రోజు దగ్గర మొదలుపెట్టాడు. పన్నెండున్నరకి రాజీ కావలసిన వేళకి, మా మొదటి పూర్వీకుడు కొండ మీద రాయి పాతుతున్నాడు. నేల మీద కూర్చోవడం అలవాటు లేని హెన్రిక్ మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఎవరో మర్యాదకి తాంబూలం ఇస్తే, ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగేసి, కళ్ళనీళ్ళతో నవ్వుతూ కూర్చున్నాడు.

చివరికి తాత ఇప్పటి కాలానికి వచ్చి, తొమే ఎదుట ఎర్మెలింద అవ్వని కూర్చోబెట్టాడు. అవ్వ సన్నగా, నిటారుగా ఉంటుంది. పక్కవాళ్ళ పాకలో ఉంటోంది నాలుగేళ్ళుగా. తన తాంబూలం చేతిలోనే పట్టుకుని చెప్పింది.

"నేను మొక్కజొన్న ఉడకేస్తున్నాను. వీడు గుమ్మంలోకొచ్చి, అవ్వా, కాస్త నిప్పుంటే పెడతావా అన్నాడు. నిప్పడిగితే లేదంటామా? కొబ్బరి చిప్పలో రెండు కణికలు వేసిచ్చాను. చెయ్యి కాలుద్ది నాయనా, చూసుకో అని కూడా అన్నాను."

పందిరి కింద ఎవరో ముక్కుతో నవ్వారు. ఇంకెవరో దగ్గారు.

"నవ్వండి. నాలుగేళ్ళ నుంచి నవ్వుతూనే ఉన్నారుగా. ఊట దగ్గరికి నీళ్ళకి పోతే, నిప్పులవ్వ వస్తోంది, మీ కొంప అంటించుకోవాలంటే అడగండి అంటారు. ఇల్లంటే గడ్డిల్లు, పోతే పోయింది. నేను పిచ్చిదాన్నయిపోయాను. అది ఎవరు కట్టిస్తారు?"

ఎవరూ నవ్వలేదు. తొమే తల వంచుకునే ఉన్నాడు కానీ, మేం నేర్చుకున్న మాటలే వరసగా చెప్పాడు. అగ్గిపెట్టె వానకి తడిసిపోయిందని, లారీలోవాళ్ళు తొందర పెట్టారని, నిప్పు ఎందుకో అవ్వకి చెప్పలేదని చెప్పాడు. అంటించే ముందు అవ్వని బయటికి పిలిచి, మంచం, కుండలు, రోలు తెచ్చి జామచెట్టు కింద పెట్టానన్నాడు.

"రోలు తెచ్చాడు. రోకలి లోపలే వదిలేశాడు," అంది అవ్వ జనం వైపు తిరిగి. "రోలొక్కటీ పెట్టుకుని నేనేం చేసుకోను?"

రోకలి సంగతి మేం అనుకోలేదు. తొమే నా వైపు చూశాడు. నేను తలూపాను. రోకలి కూడా నా తప్పేనని ఒప్పుకున్నాడు. తాత తీర్పు చెప్పాడు. వానలు పడేలోగా అవ్వకి అదే జాగాలో ఇల్లు కట్టాలి. అంతకంటే ముందు, ఊట దారి వైపు తిరిగి, అందరికీ వినపడేలా, అవ్వకి తెలియక ఇచ్చిందని మూడుసార్లు చెప్పాలి. తొమే లేచి నిలబడి మూడుసార్లు చెప్పాడు. అప్పుడు అవ్వ తాంబూలం ముందు పెట్టింది. అది ఆయనదే. తీసి నమిలాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

జుల్మీరా మేడం కలం మూత పెట్టబోయింది. అప్పుడే తాత, ఈ మనిషి మీద ఇంకెవరికైనా మాటుంటే ఈ చాప మీదే చెప్పాలి, చుట్టాక చెప్పకూడదు అన్నాడు. అది ఆనవాయితీ. మామూలుగా అయితే ఎవరూ కదలరు. ఆ రోజు సగం ఊరు కదిలింది.

ముందు వడ్రంగి ఒలివియు అన్న వచ్చాడు. ఇళ్ళు కాలిన ఆ సెప్టెంబర్‌లో తన కత్తి పోయిందన్నాడు, ఎముక పిడి కత్తి. తాంబూలం పెట్టాడు. తొమే దాన్ని తాకాడు, నుదుటికి ఆనించాడు, నోట్లో పెట్టుకున్నాడు. ఆ కత్తిని ఈయన కళ్ళతో కూడా చూడలేదు. తర్వాత కోళ్ళు పెంచే అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి ఒకే తాంబూలం పెట్టారు, ఎర్రకోడి గురించి. తీసుకున్నాడు. చర్చిలో పాడేవాళ్ళ గిటారు. తీసుకున్నాడు. అది పోయింది తొంభై ఏడులోనని అందరికీ తెలుసు, ఆ ఏడాదంతా తొమే రోడ్డు పనికి ఎక్కడో దూరాన లోస్‌పాలోస్‌లో ఉన్నాడు. ఒకాయన బొప్పాయి చెట్టు ఉన్నట్టుండి ఎండిపోయిందన్నాడు, ఎవరో దాని మొదట్లో కిరసనాయిలు పోసి ఉంటారన్నాడు. అదీ తీసుకున్నాడు. ఒకామె తన గేదెకి చూలు పోయిన సంగతి చెప్పి, ఆ వారంలో తొమే దాని పొట్ట వైపు చూశాడంది. అది కూడా.

ఆడవాళ్ళ వైపు నుంచి నేను చేతులతో సైగలు చేస్తూనే ఉన్నాను. తాకు, ఆనించు, జరుపు. ఆయన నా వైపు చూసి ప్రేమగా తలూపి, ఇంకోటి నోట్లో పెట్టుకుంటున్నాడు. తర్వాత అడిగితే, నువ్వు నా కోసం శిలువ గుర్తు వేసుకుంటున్నావనుకున్నానన్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బిపోయాయి. పెదాల చివరల నుంచి ఎర్రగా కారుతోంది. మేడం కాగితం అయిపోయి వెనక వైపు రాస్తోంది. హెన్రిక్ మనసు మాత్రం కరిగిపోయింది. ఇన్ని దేశాలు తిరిగాను గానీ ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదని దుబాసీ చేత చెప్పించాడు.

మంచినీళ్ళకని కాస్త ఆపినప్పుడు పాపని తీసుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కత్తి ఎప్పుడు తీశావని అడిగాను, పళ్ళు బిగపట్టి.

నోట్లోది ఒక వైపుకి తోసుకుని చెప్పాడు. "తియ్యలేదు. కానీ పాపం, కత్తి పోయిన మాట నిజమే కదా. ఎవడో ఒకడు తీశాడు."

"ఆ ఎవడో నువ్వు కాదు కదా."

"లారీలో పోయినవాళ్ళల్లో ఇంకెవడూ తిరిగి రాలేదు ఇసౌరా. నేనూ కాదంటే ఆయన ఎవర్నడుగుతాడు?"

నాకు ఒళ్ళు మండింది. కోడీ కత్తీ అయితే సరే, ఇంకేమైనా వస్తే ఏం చేస్తావని అడుగుదామనుకునేలోపు తాత మళ్ళీ కూర్చోమన్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి అన్సెల్ము మామ లేచాడు. ఆయన తమ్ముడు పావులీను ఓటు ఫలితం వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం నదికి వెళ్ళాడు, అంతే. టోపీ దొరికింది, మనిషి దొరకలేదు. ఊళ్ళో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మామ నెమ్మదిగా వచ్చి, తొమే ముందు కూర్చుని, తాంబూలం పెట్టాడు. జుల్మీరా మేడం కలం కింద పెట్టేసింది. ఆమె ముఖం చూస్తే నాకు కాగితం దిలీకి పోవడం కనపడింది.

"నేను నీ మీద చెప్పడం లేదు నాయనా," అన్నాడు మామ. "అడుగుతున్నాను. మా వాడు నది దగ్గర ఉన్నప్పుడు, నువ్వున్నావా అక్కడ? నాలుగేళ్ళ నుంచి ఎవర్నడిగినా లేచి వెళ్ళిపోతున్నారు."

ఆయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తొమే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ముసలాయనకి ఏదో ఒక జవాబు ఇవ్వాలని ఆయన మనసు లాగుతున్నట్టు నాకు ఇక్కడికే తెలిసిపోతోంది. ఆయన చెయ్యి లేచింది. రెండు వేళ్ళతో తాకాడు. నుదుటికి ఆనించాడు. ఆకు నోటి వైపు బయల్దేరింది.

నేను పాపని చంకలో వేసుకుని, మట్టి కాళ్ళతో చాప మీదికి నడిచాను. మాట జరుగుతుండగా ఆడవాళ్ళు అలా నడవకూడదు. నడిచి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఈ తాంబూలం ఈయనది కాదు," అన్నాను.

తాత కోప్పడలేదు. నీకెలా తెలుసమ్మా అని అడిగాడు.

"ఆ మధ్యాహ్నం ఈయన నా దగ్గరున్నాడు."

ఎక్కడని అడిగాడు తాత. కాఫీ తోటలో అన్నాను. ఎవరి తోట అన్నాడు. మాదే, పై వరసల్లో, నీడ చెట్ల కింద అన్నాను. ఎంతసేపని జుల్మీరా మేడం అడిగింది, ఆమె కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పొద్దు వాలేదాకా అన్నాను. సరిగ్గా వినపడని ఒక ముసలాయన, అంతసేపూ ఏం చేస్తున్నారని గట్టిగా అడిగాడు. పక్కావిడ ఆయన మోకాలి మీద కొట్టింది. దుబాసీ హెన్రిక్ చెవిలో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో గానీ హెన్రిక్ ముఖం తొమే నోటికంటే ఎర్రబడింది.

అప్పటికి మా పెళ్ళి కాలేదు. పెళ్ళి మాట కూడా లేదు. నాకు పదిహేడేళ్ళు. మా అమ్మ అక్కడే, అయిదడుగుల దూరంలో కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు.

తొమే పక్కకి వెళ్ళి నోట్లోదంతా ఉమ్మాడు. అరచేత్తో మూతి తుడుచుకుని, వచ్చి అన్సెల్ము మామ ముందు కూర్చుని, ఆకు ఆయన వైపు జరిపాడు. వారం రోజులు నేర్పించినా రాని మాట అప్పుడు వచ్చింది.

"లేదు మామా. నేను లేను అక్కడ. ఉండుంటే మీ కాళ్ళ మీద పడి చెప్పేవాణ్ణి. శిబిరంలో కొన్ని పేర్లు అనుకునేవాళ్ళు. నేను విన్నది విన్నట్టు మేడంకి చెబుతాను, వేరే కాగితం మీద."

మామ తన తాంబూలం తనే తీసుకున్నాడు. చేత్తో రెండుగా చింపి, సగం తన నోట్లో పెట్టుకున్నాడు. మిగతా సగం తొమే చేతిలో పెట్టాడు. ఇది నమలడానికే నాయనా, ఇంకేం కాదు అన్నాడు. లేచి తన చోటికి వెళ్ళిపోయాడు. లేదని ఒకడన్నా అన్నాడు అని పక్కవాళ్ళతో అనడం వినపడింది.

పాప నా మెడలో దారం నములుతోంది. మావులేలు తాత మిగతా తాంబూలాలు కూడా ఇంకోసారి చూద్దామన్నాడు. ఒలివియు అన్న గొంతు సవరించుకుని, కత్తి తొమే తీశాడని తనూ గట్టిగా అనుకోలేదన్నాడు. కోళ్ళ అక్కచెల్లెళ్ళు మాత్రం కొట్టివెయ్యనివ్వలేదు. మాకు కోడేం వద్దు, ఎవరో ఒకరు ఒప్పుకున్నారు కదా, మనసు తేలికైంది, రాసింది ఉండనివ్వండి అన్నారు. గిటారువాళ్ళు సంవత్సరం తప్పు చెప్పామని సర్దుకున్నారు. బొప్పాయి చెట్టాయన వెనక్కి జరిగాడు. మేడం ఒక్కొక్కటీ కొట్టేస్తోంది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

మా అమ్మ లేచింది.

మా అమ్మ పొట్టిగా ఉంటుంది, కానీ లేచి నిలబడితే పందిరి కిందికి దిగినట్టుంటుంది. నడుము సంచిలోంచి వక్క తీసి, తాపీగా ఆకు చుట్టి, చాప మధ్యలోకి వచ్చింది.

"ఆ రోజు కాఫీ పళ్ళు కోసుకురమ్మని పంపితే ఒట్టి బుట్టతో వచ్చావు," అంది నాతో. "మిలీషియా భయమన్నావు. నీకు దడుపు జ్వరం వస్తుందని అల్లం నీళ్ళు కాచి తాగించాను."

నేను పాపని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకున్నాను.

"లారీ ఎక్కించింది ఎవరే నిన్ను?"

నాలుగేళ్ళ నుంచీ అమ్మ ఊరందరికీ, నా కూతుర్ని జుట్టు పట్టుకుని లారీలోకి ఈడ్చారని చెప్పుకుని ఏడ్చింది. నా పేరు మీద పూజలు చేయించింది. చాప మీద అబద్ధం ఆడకూడదు.

"నేనే ఎక్కానమ్మా. ఈయన ఎక్కాడని."

అమ్మ తాంబూలం తొమే ముందు పెట్టింది. "ఇదిగో, ఇది మాత్రం నీదే. నమలవయ్యా."

తొమే నా వైపు చూశాడు. నేను తలూపాను. నమిలాడు. ఆ రోజు చాప మీద ఆయన నమిలినవాటిలో అవ్వదీ ఇదీ రెండే న్యాయమైనవి.

ఆ తర్వాత గంటన్నర యుద్ధం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ తరఫువాళ్ళు ఒక వైపు, తొమే తరఫు మిగిలిన ఒక్క పినతండ్రి ఒక వైపు. పెళ్ళి శిబిరంలో అయింది కాబట్టి రెండు ఇళ్ళ మధ్యా మాటలు జరగలేదని, మాటలు జరగకుండా పిల్ల ఎలా పుట్టిందని, పుట్టాక ఇప్పుడు జరిపితే చెల్లుతుందా లేదా అని వాదన. పినతండ్రి ఒక పందిని ఒప్పుకున్నాడు. ఒక నేత వస్త్రం కూడా అంది అమ్మ. వంటపాక గోడలు వెయ్యాలి అని కూడా కలిపింది. తాత అన్నిటికీ సరే అన్నాడు. ఆయనకి ఆ రోజు అప్పుడే హుషారు వచ్చినట్టుంది.

మేడం కాగితం తిప్పి తిప్పి చూసి, దీన్ని ఎక్కడ రాయాలో తెలియడం లేదంది. ఇల్లు, పశువు, దెబ్బలు, ఆస్తి నష్టం, ఈ నాలుగే గళ్ళున్నాయట. ఆస్తి నష్టంలో రాయమంది మా అమ్మ. నేను వద్దన్నాను. హెన్రిక్ ఏదో సలహా చెప్పబోతే దుబాసీ ఆయన చెయ్యి నొక్కి ఆపాడు. చివరికి మేడం, ఇది మీ చాపది, నా కాగితంది కాదు అని కలం మూత పెట్టేసింది. తొమే సంతకం చేశాడు, అవ్వ వేలిముద్ర వేసింది, ఇద్దరికీ చెరొక నకలు ఇచ్చారు. నలుగురు మనుషులు చాప చుట్టి మోసుకెళ్ళిపోయారు. ఒంటిగంటకి తినాల్సిన అన్నం పొట్లాలు అప్పటికి పులిసిపోయాయి. అయినా అందరం తిన్నాం.

మర్నాడు పొద్దెక్కుతుండగా ఎర్మెలింద అవ్వ మా పాక ముందు ప్రత్యక్షమైంది. భుజం మీద కొలతకి పెద్ద వెదురు, చేతిలో కాగితం తలకిందులుగా. తొమేని బయల్దేరమంది. మా అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, ముందు ఇక్కడ గోడలు వేశాకే ఎక్కడికైనా అంది.

"మేడం రాసిచ్చింది నాకు. వానలు పడేలోగా అని," అంది అవ్వ కాగితం ఊపుతూ. "నీ గోడలు ఇందులో లేవు."

"కాగితాలు నాకు చెప్పకు. నా అల్లుడు, నా ఇష్టం."

"ఆ అల్లుడేగా నా కొంప అంటించింది. అందుకే అడుగుతున్నాను. లేకపోతే నీ గుమ్మం నేనెందుకు తొక్కుతాను?"

మూడు నెలలుగా ఆయన్ని 'వాడు' అనే తప్ప అమ్మ ఇంకో మాట అనలేదు. నేను పొయ్యి దగ్గర కూర్చుని వింటున్నాను. ఇద్దరూ కలిసి ఆయన వైపు తిరిగి, ఎవరిది ముందో నువ్వే చెప్పమన్నారు. తొమే గడ్డం గోక్కున్నాడు. అవ్వతో సరే అన్నాడు. అమ్మతో కూడా సరే అన్నాడు. నేర్చుకున్న 'లేదు' నిన్నటితో ఖర్చయిపోయినట్టుంది.

ఈయనతో అయ్యే పని కాదని, పాపని నడుముకి కట్టుకుని, మా ఇంటికి జాగా చూడ్డానికి నేనే బయల్దేరాను. ఊట దారిలో ఒలివియు అన్న ఎదురయ్యాడు. ఎటు పోతున్నావని అడిగాడు. చెప్పాను. కింద చూడకమ్మా, వానకి నీళ్ళు నిలుస్తాయి, పిల్లకి జలుబు చేస్తుంది, పై గట్టున రాళ్ళు తక్కువ, గుంజ బాగా దిగుతుంది అన్నాడు. గడ్డపార తన ఇంట్లో ఉంది, తొమేని వచ్చి తీసుకెళ్ళమన్నాడు.